నల్లగొండ, పాలమూరు పార్కుల్లో సినిమా రైడ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

65వ నంబరు హైవే మీద చౌటుప్పల్ దాటాక, 44 మీద జడ్చర్ల చుట్టుపక్కల, సాగర్ రోడ్డులో వాటర్ పార్కులు, రిసార్టులు, పిల్లల పార్కులు నడిపేవారి కోసం ఈ పేజీ. పది నుంచి ముప్పై ఎకరాల జాగా ఉండి, అందులో ఒక సినిమా లోకాన్ని కట్టాలనుకునేవారు అడిగే ప్రశ్నలే ఇవన్నీ. ఓర్లాండో, ఒసాకా పార్కుల సంగతులు అవసరమైనచోట వస్తాయి. మిగతా లెక్కలు ఇక్కడి ఎండకు, ఇక్కడి బోరు నీళ్లకు వేసినవి.

సినిమా పేరు పెడితే నిజంగా జనం పెరుగుతారా?

పెరుగుతారు. అయితే దేనికోసం వస్తున్నారో చూడాలి. యూనివర్సల్ సంస్థ 2010 జూన్‌లో ఓర్లాండోలో హ్యారీ పోటర్ ఊరు కట్టింది. 2014 జులైలో అక్కడే ఇంకో భాగం, అదే నెలలో జపాన్‌లోని ఒసాకాలో ఒకటి, 2016లో హాలీవుడ్‌లో మరొకటి తెరిచింది. డబ్బు తిరిగి రాకపోతే ఇన్నిసార్లు కట్టరు. అక్కడ అమ్ముడుపోయింది రైడ్ ఒక్కటే కాదు. సందులు, దుకాణాలు, చేతిలో మంత్రదండం, గ్లాసులో పానీయం, అన్నీ కథలోవే.

డిస్నీ కట్టిన పండోరా ఇంకా మంచి ఉదాహరణ. అవతార్ సినిమా 2009లో వచ్చింది, పార్కులో ఆ లోకం తెరిచింది 2017 మేలో. మధ్యలో ఎనిమిదేళ్లు రెండో భాగమే లేదు. అయినా అది నిలబడిందంటే, కట్టింది హీరోను కాదు, ఆ అడవిని, గాల్లో వేలాడే ఆ కొండలను. హీరో బొమ్మ ముందు ఫోటో దిగడానికి రెండు నిమిషాలు చాలు. లోపల తిరగాల్సిన చోటైతే మనిషి గంటసేపు ఉంటాడు, ఆకలి వేస్తే అక్కడే తింటాడు.

హైదరాబాద్ జనం వస్తారని లెక్క వేసుకోవచ్చా?

వేసుకోకండి. 65 మీద నల్లగొండ వైపు వచ్చే హైదరాబాదీ రామోజీ ఫిల్మ్ సిటీని దాటుకునే రావాలి. అది 1,666 ఎకరాలతో గిన్నిస్ బుక్‌కెక్కిన స్టూడియో, బాహుబలి సెట్టు అక్కడే చూపిస్తారు. పాలమూరు వైపు వద్దామంటే రావిర్యాలలో 2016 నుంచి వండర్‌లా ఉంది. వాళ్లతో పోటీ పడి నెగ్గాలంటే వాళ్లంత పెట్టుబడి కావాలి.

మీ జనం వేరే ఉన్నారు. మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ, హాలియా ఒక వైపు. నారాయణపేట, వనపర్తి, గద్వాల, హద్దు దాటితే రాయచూరు ఇంకో వైపు. వీళ్లకు పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరే దూరం కావాలి. ఇందులోనూ పెద్ద బేరం బడి పిల్లల విహారయాత్రలు. అక్కడ నిర్ణయం పిల్లలది కాదు, పీఈటీ సారుది, హెడ్‌మాస్టరుది. వాళ్లు అడిగేవి మూడే: బాత్రూములు ఎన్ని, అన్నం ఎక్కడ, బస్సులో వచ్చిన యాభై మందీ ఎక్కేసరికి ఎంతసేపు పడుతుంది.

ఏ సినిమా తీసుకోవాలి?

పోయిన నెల హిట్టయిన సినిమా తీసుకోకండి. ఒప్పందం, డిజైను, అచ్చులు, నిర్మాణం, పరీక్షలు కలిపి చిన్న ఆకర్షణకే ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. డిస్నీకే ఫ్రోజెన్ సినిమా (2013) రైడ్‌గా మారేసరికి 2016 జూన్ వచ్చింది, అదీ పాత పడవ రైడ్ కాలువను ఉంచుకుని చేస్తే.

మూడు పరీక్షలు పెట్టండి. హీరో లేకుండా ఆ లోకాన్ని చూసినా ఏ సినిమానో పిల్లవాడు గుర్తుపడతాడా? ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు అందులో పని ఉందా, లేక కత్తులు, నెత్తురేనా? కథలో ఒక ప్రయాణం ఉందా, అంటే పడవో, గుహో, బండో, ఎగిరే జంతువో? ప్రయాణం ఉంటే రైడ్ దానంతటదే పుడుతుంది. పంచాయితీలు, పగలు, డైలాగులే కథైతే, సినిమా ఎంత ఆడినా పార్కుకు పనికిరాదు.

హక్కులు ఎవరి దగ్గర తీసుకోవాలి? నిర్మాతతో మాట్లాడితే సరిపోతుందా?

మొదలు నిర్మాతే. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సినిమాకు కర్త నిర్మాతే. కానీ అక్కడితో అయిపోదు. ఒక సినిమాలోని హక్కులు ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయి ఉంటాయి. శాటిలైట్ ఒకరికి, ఓటీటీ ఇంకొకరికి, డబ్బింగ్, రీమేక్ మరొకరికి, పాటలు ఆడియో కంపెనీకి. వస్తువుల హక్కు, పార్కు హక్కు ఎవరి దగ్గర మిగిలాయో పాత ఒప్పందాలు చదివితేగానీ తెలియదు. కాబట్టి నిర్మాతను ముందు అడగాల్సింది రేటు కాదు, ఆ కాగితాలు.

నటీనటుల ముఖం, గొంతు, చేతి కదలిక వేరే సంగతి. తన పేరు, బొమ్మ, గొంతు, తనకే గుర్తింపుగా మారిన మాట అనుమతి లేకుండా వాడొద్దని 2023 సెప్టెంబరులో నటుడు అనిల్ కపూర్ ఢిల్లీ హైకోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకున్నాడు. హీరో పోలికతో విగ్రహం పెట్టాలంటే ఆ హీరో సంతకం కూడా ఉండాలి. లోకాన్ని కట్టుకోండి, ముఖాన్ని వదిలేయండి అని మేం చెప్పేది ఇందుకే. సగం సంతకాలు తగ్గుతాయి.

టైటిల్, లోగో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టరై ఉండొచ్చు. వినోద సేవలకు 41వ తరగతి, బొమ్మలకు 28, బట్టలకు 25. ఈ మూడూ వెతికించండి.

అచ్చం అలాగే కట్టి పేరు మాత్రం మార్చితే?

నోటీసు వస్తుంది. ఫోన్లున్న కాలం, పార్కు తెరిచిన మొదటి ఆదివారమే రీల్స్ నిర్మాత ఆఫీసుకు చేరతాయి. కట్టింది మీ ఖర్చుతోనే కూలగొట్టాలి.

పాత సినిమాలకు హక్కులు అక్కర్లేదంటారు కదా?

సగం నిజం. సినిమా మీద కాపీరైట్ విడుదలైన సంవత్సరం తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1957లో వచ్చిన మాయాబజార్ గడువు 2017 చివరికే తీరింది. కానీ మాటలు, పాటల సాహిత్యం రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. సాహిత్యానికి రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు కాబట్టి ఆ మాటలు 2031 చివరిదాకా రక్షణలోనే ఉంటాయి. సంగీతానిదీ ఇదే లెక్క. ఘంటసాల 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీలకు 2034 దాకా గడువుంది. 2010లో వచ్చిన రంగుల కాపీ మీద ఇంకొకరి హక్కు ఉండొచ్చు, నటుల కుటుంబాలు అభ్యంతరం చెప్పొచ్చు.

భారత కథ, రామాయణ కథ, పంచతంత్రం అందరివీ. ఘటోత్కచుడి మాయానగరం మీరు స్వేచ్ఛగా కట్టుకోవచ్చు. ఒక సినిమాలోని కిరీటాన్నో, సెట్టునో, మాటనో దించనంతవరకు భయం లేదు. చిన్న పార్కుకు మా సలహా చాలాసార్లు ఇదే. లైసెన్సుకు పోయే పైసలు నీడకు, బాత్రూములకు వస్తాయి.

ఒప్పందంలో ఏమేం చూసుకోవాలి?

గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లే అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తం అనుకుంటుంది. ఇది కాపీరైట్ చట్టం 19వ సెక్షన్, 30ఏ ద్వారా లైసెన్సులకూ వర్తిస్తుంది. పార్కుకు అయిదేళ్లు చాలవు. మొదటి ఏడాదిన్నర కట్టడానికే పోతుంది. ఏడు నుంచి పదేళ్లు, ఆపైన పొడిగించుకునే హక్కు మీ చేతిలో ఉండేలా అడగండి. గడువు సంతకం రోజు నుంచి కాకుండా గేటు తెరిచిన రోజు నుంచి మొదలవ్వాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు.

ఎంత దూరంలో ఇంకో పార్కుకు ఇవ్వకూడదో కిలోమీటర్లలో రాయించండి. యూనివర్సల్ 1994లో మార్వెల్‌తో ఒప్పందం చేసుకుని 1999లో ఓర్లాండోలో ఆ పాత్రలతో ఒక భాగం తెరిచింది. 2009లో మార్వెల్‌ను డిస్నీయే కొనేసింది. అయినా ఆ ఒప్పందంలోకి వచ్చే పాత్రలను అదే ఊళ్లోని తన సొంత పార్కుల్లో పెట్టుకోలేకపోతోంది. కాగితం గట్టిగా ఉంటే అట్లుంటది.

డబ్బు రెండు రూపాల్లో అడుగుతారు: ముందే కట్టే మినిమం గ్యారంటీ, అమ్మకం మీద రాయల్టీ. వస్తువుల మీద రాయల్టీకి ఒప్పుకోండి, మొత్తం గేటు టికెట్ మీద ఒప్పుకోకండి. మీ వేవ్ పూల్‌కు వచ్చినవాడి టికెట్‌లో సినిమా వాళ్లకు వాటా ఎందుకు? ఆ ఆకర్షణకు వేరే టికెట్ ఉంటే దాని మీద ఇవ్వొచ్చు.

డిజైను ఆమోదాలకు గడువు పెట్టండి: స్కెచ్, చిన్న నమూనా, రంగుల పట్టిక, పూర్తయిన బొమ్మ. ఒక్కో మెట్టుకు 15 పని దినాలు, అప్పటికీ జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని రాయించండి. లేకపోతే దర్శకుడు షూటింగ్‌లో ఉంటాడు, మీ ఎండకాలం సీజను పోతుంది. గడువు తీరాక తీసేయాల్సినవేంటో ఇప్పుడే జాబితా వేయించండి. పేరు, లోగో, బొమ్మలు, రికార్డింగులు పోవాలి. భవనం, ఉక్కు, రైడ్, చెట్లు మీవి. దుకాణంలో మిగిలిన సరుకు అమ్ముకోవడానికి 90 నుంచి 180 రోజులు అడగండి.

కొత్త రైడ్ కొనాలా, ఉన్నదానికే వేషం మార్చొచ్చా?

ఉన్నది గట్టిగా ఉంటే వేషం మార్చడమే మేలు. ఉక్కుకు ఇరవై ఏళ్ల ఆయుష్షు ఉంటుంది, సినిమా మోజుకు అంత ఉండదు. కాలిఫోర్నియాలో డిస్నీ తన టవర్ ఆఫ్ టెర్రర్‌ను 2017 జనవరిలో మూసి, అదే లిఫ్టు యంత్రంతో మే నెలకల్లా గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ రైడ్‌గా తెరిచింది. డిస్నీదే ఇంకో రైడ్, స్టార్ టూర్స్‌లో 1987 నుంచి కుదుపుల క్యాబిన్ పద్ధతి ఒకటే, 2011లో సినిమా మార్చారు. డబ్బు ఎక్కడ పెట్టాలో ఇవి చెబుతాయి: మారనివి బలంగా కట్టు, మారేవి బోల్టుతో బిగించు.

వేషం మార్చడంలో జరిగే తప్పు బరువు దగ్గరే. కొలంబస్ పడవ ముక్కుకు 80 కిలోల సింహం తల బిగించారనుకోండి. ఆ తల ఊగే చోట అన్నిటికంటే ఎక్కువ తిరిగే కొసన ఉంటుంది. ఒక్కో ఊపుకు దాని బోల్టుల మీద లాగుడు అటోసారి ఇటోసారి మారుతుంది. మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, కింద బ్రేకు టైరు త్వరగా అరుగుతుంది, రెండు కొసల బరువు సమానంగా లేకపోతే పడవ ఒక పక్కకు ఎక్కువ లేస్తుంది. రైడ్ చేసిన కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఒక్క కిలో కూడా ఎక్కించకండి. రైడ్ ఉక్కుకు వెల్డింగ్ అసలు పెట్టొద్దు, వెల్డు పక్కనే పగులు మొదలవుతుంది. బొమ్మను రైడ్ మీద కాక దాని చుట్టూ వేరే ఫ్రేమ్ మీద నిలబెట్టండి. కూర్చున్నవాడు చేయి చాచినా, కాలు చాచినా ఆ ఫ్రేమ్ అందకూడదు. పెద్ద మనిషిని సీట్లో కూర్చోబెట్టి, చేతికి కర్ర ఇచ్చి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూస్తే ఖాళీ ఎంతుందో బయటపడుతుంది.

గంటకు ఎంతమంది ఎక్కగలరు? దీన్ని ఎలా లెక్క వేయాలి?

అమ్మేవాడు చెప్పే అంకె నమ్మొద్దు. సీట్లను గంటకు జరిగే ట్రిప్పులతో గుణించండి, అందులో 85 శాతం తీసుకోండి.

24 సీట్ల కుదుపుల థియేటర్ అనుకుందాం. సినిమా 4 నిమిషాలు. దిగడం, ఎక్కడం, బెల్టులు, కళ్లద్దాలకు ఇంకో 4. ట్రిప్పుకు 8 నిమిషాలంటే గంటకు 7.5 ట్రిప్పులు, 180 మంది. వాస్తవంలో 150 అనుకోండి. పది బస్సుల పిల్లలు, 500 మంది ఒకేరోజు వచ్చారంటే మూడు గంటలు దాటుతుంది. సార్లు గొడవ పెట్టేది ఇక్కడే.

మందు తేలికే. థియేటర్ ముందు ఇంకో గది కట్టండి, కథ పరిచయం, బెల్టు ఎలా పెట్టుకోవాలో, కళ్లద్దాలు అక్కడే ఇచ్చేయండి. ఎక్కే దిగే సమయం రెండున్నర నిమిషాలకు తగ్గితే గంటకు 9 ట్రిప్పులు దాటుతాయి, అవే సీట్లతో కాగితం మీద 220 మంది, వాస్తవంలో 185 దాకా.

చీకటి గుహలో నడిచే నాలుగు సీట్ల బండ్లైతే 25 సెకన్లకొకటి వదిలితే గంటకు 576, వాస్తవంలో 490 దాకా వస్తుంది. యంత్రం సింపుల్, జనం ఎక్కువ. మాకు నచ్చేది ఇదే.

క్యూలో నీడ సంగతి?

ఇది అడిగేవాళ్లు తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు మామూలు. మనిషికి 0.6 చదరపు మీటరు చొప్పున 150 మందికి 90 చదరపు మీటర్ల నీడ వేయండి. స్టీలు రైలింగు ఎండలో ముట్టుకోలేం, దాని మీద కూడా నీడ పడేలా కప్పును ఒక మీటరు బయటికి లాగండి. పడమటి ఎండ కప్పు కింద నుంచి దూరుతుంది కాబట్టి ఆ పక్కన జాలీ గోడ కట్టండి. కథలోని కోట గోడో, అడవో ఆ జాలీయే కావచ్చు, రెండు పనులూ అవుతాయి.

నీటి పొగ ఫ్యాన్లు ఏప్రిల్, మేలో బాగా పనిచేస్తాయి, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. జులై తర్వాత అవే ఫ్యాన్లు ఒళ్లు జిగటగా చేస్తాయి. వానకాలంలో నీళ్లు ఆపి వట్టి గాలి వదలండి.

ఫైబర్ బొమ్మలు రెండేళ్లకే పాడవుతున్నాయి. ఎందుకు?

మూడు కారణాలు. పైపూత లేకపోవడం, తప్పు రెసిన్ (గాజు పోగులను పట్టి ఉంచే జిగురు), ఎండకు సాగడానికి చోటు ఇవ్వకపోవడం.

బయట పెట్టే బొమ్మకు ఐసోఫ్తాలిక్ రెసిన్, ఎండ తట్టుకునే జెల్‌కోట్ అనే పైపూత కావాలి. జెల్‌కోట్ అర మిల్లీమీటరు మందం తగ్గకూడదు. దాని వెనక చదరపు మీటరుకు 450 గ్రాముల గాజు పోగుల మ్యాట్ నాలుగు పొరలు, మొత్తం సుమారు 4 మి.మీ. పైసలు మిగులుతాయని మామూలు రెసిన్ వేసి పైన పెయింటు కొట్టిస్తే, రెండో ఎండకాలానికి పెయింటు పొరలు లేచి గాజు పోగులు బయటపడతాయి. పిల్లలు చేయి వేస్తే గుచ్చుకుంటాయి.

గట్టిపడే మందు, వర్క్‌షాపుల్లో క్యాటలిస్ట్ అనేది, రెసిన్ బరువులో 1 నుంచి 2 శాతం. మన ఎండల్లో 1 శాతానికే నిమిషాల్లో గడ్డకడుతుంది. పొద్దున తొమ్మిదిలోపు పని ముగించాలి. మధ్యాహ్నం పోస్తే వేడెక్కి పొరల మధ్య బుడగలు, పగుళ్లు వస్తాయి. ఇంకొక మాట: క్యాటలిస్ట్‌ను, త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్‌ను నేరుగా ఎప్పుడూ కలపకండి, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలిశాకే రెండోది పోయాలి.

ఇక సాగడం. 6 మీటర్ల ఫైబర్ ప్యానెల్ 40 డిగ్రీల తేడాకు ఇంచుమించు 7 మి.మీ. సాగుతుంది. బోల్టుకు గుండ్రటి రంధ్రం పెడితే ఆ చోటే చిరుగుతుంది. ఒక బోల్టు గట్టిగా బిగించి, మిగతావాటికి పొడవాటి రంధ్రాలు, వెడల్పు స్టెయిన్‌లెస్ వాషర్లు, అర మీటరుకొకటి చొప్పున పెట్టండి. ఇలా కట్టినది లైసెన్సు తీరినరోజు రెండు రోజుల్లో ఊడదీయొచ్చు.

కొండ కావాలంటే సిమెంటుతో నల్లరాయిని నకలు చేయించకండి. అసలు గుండ్రాళ్లు మన దగ్గర ఊరూరా ఉన్నాయి. అనుమతి ఉన్న క్వారీ నుంచి తెప్పిస్తే అవి పెచ్చులూడవు, రంగు వెలవవు.

బోరు నీళ్లు వాడొచ్చా?

ముందు పరీక్ష చేయించండి. ఉప్పదనం, గట్టిదనం, ఫ్లోరైడ్ మూడూ. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. కాచినా పోదు, కార్బన్ ఫిల్టర్‌కు పోదు. పటిక, సున్నంతో తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు. పార్కుకు భగీరథ కనెక్షను లేదా ఆర్వో వీలు. ఆర్వో వదిలేసే నీళ్లను బాత్రూములకు మళ్లించండి.

రైడ్ నీళ్లలో అసలు సమస్య సున్నం పేరుకోవడం. నీటి పొగ యంత్రం 70 బార్ ఒత్తిడితో 0.2 మి.మీ. రంధ్రంలోంచి నీళ్లు తోస్తుంది. బోరు నీళ్లు పోస్తే నెలలోపే మూసుకుపోతుంది. దానికి ఆర్వో నీళ్లే వాడండి, నిలవ నీళ్లు వాడొద్దు. నిలవ నీటిలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ తుంపర పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. వాటర్ రైడ్‌లో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8, రోజుకు రెండు మూడు సార్లు చూసి రాయండి. ఆవిరి లెక్క కూడా వేసుకోండి: ఎండకాలంలో రోజుకు 8 మి.మీ. తగ్గితే 500 చదరపు మీటర్ల కాలువకు రోజూ 4,000 లీటర్లు కొత్తగా పోయాలి.

కదిలే బొమ్మలు కొంటే ఎన్నేళ్లు వస్తాయి?

ఏళ్లతో కాదు, కదలికలతో లెక్కపెట్టండి. గంటకు 12 షోలు, రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులంటే 36,000 షోలు. ఒక్కో షోలో మెడ ఇరవైసార్లు తిరిగితే ఏడాదికి 7 లక్షల 20 వేల కదలికలు. స్పాంజి మీద సిలికాన్ తోలు వేసిన డైనోసార్ ముందు చిరిగేది నోటి మూల, మెడ మడత. అక్కడ వాన నీళ్లు దిగి స్పాంజి నానితే బరువు పెరిగి మోటారు కాలుతుంది. ముందు మనిషి ఉన్నప్పుడే కదిలేలా సెన్సరు పెట్టండి, ఆయుష్షు రెట్టింపైనా ఆశ్చర్యం లేదు. కొనేటప్పుడే అదే రంగు సిలికాన్ డబ్బాలు, రెండు స్పేరు మోటార్లు తీసుకోండి.

గాలితో నడిచే బొమ్మలకు 6 బార్ పొడిగాలి ఇవ్వాలి. వానకాలంలో పైపుల్లో నీరు చేరి వాల్వులు పట్టేస్తాయి. పైపును వాలుగా వేసి, అడుగు కొసన డ్రెయిన్ పెట్టి, రోజూ పొద్దున విప్పండి.

లైట్లు ఉన్నట్టుండి మిణుకుమంటాయి, షో మధ్యలో ఆగుతుంది. ఏం చూడాలి?

లైట్లకు ఆదేశాలు మోసే డీఎంఎక్స్ తీగ చివర 120 ఓముల రెసిస్టరు ఉందా? చాలాసార్లు అదే ఉండదు. ఒక తీగ మీద 32 కంటే ఎక్కువ లైట్లు వేలాడదీశారా? మైకు తీగ వాడారా? ఈ మూడూ చూశాకే కొత్త కంట్రోలరు కొనండి. ప్రొజెక్టరు ఫిల్టరును ఎండకాలంలో వారానికోసారి దులపాలి, చెల్క దుమ్ము సన్నగా ఉంటుంది. కంట్రోలు ప్యానెళ్లకు యూపీఎస్ తప్పనిసరి. రైడ్ భద్రత చూసే పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు), షో నడిపే కంప్యూటరు వేరువేరుగా ఉండాలి. పాట ఆగితే రైడ్ ఆగొచ్చు, పాట కోసం రైడ్ కదలకూడదు.

చీకటి గుహ రైడ్‌కు అగ్నిమాపక జాగ్రత్తలు?

ఇక్కడ పైసలు మిగిల్చే ఆలోచనే పెట్టుకోవద్దు. 1984 మేలో అమెరికాలో న్యూజెర్సీ పార్కులోని దయ్యాల కోటలో మంట లేచి ఎనిమిది మంది పిల్లలు పోయారు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ కాలిపోయింది. అక్కడ లోపల వెల్డింగ్ జరుగుతోంది, ఇంధనం నిలవ ఉంది.

లోపల థర్మోకోల్, మామూలు స్పాంజి, గుడ్డ తెరలు పెట్టొద్దు. మంట అంటుకోని రకం ఫైబర్‌కు, గుడ్డకు పరీక్ష సర్టిఫికెట్ అడగండి, దాంతోపాటు ముక్క తీసుకుని బయట కాల్చి చూడండి. ఏ సీటు దగ్గర్నుంచైనా రెండు దారులుండాలి, తలుపులు బయటికి తెరుచుకోవాలి, తాళం వేయకూడదు. ఒక్క బటన్‌తో పాట, పొగ యంత్రం ఆగి తెల్ల లైట్లన్నీ వెలగాలి. జనం లోపలుండగా వెల్డింగ్, గ్రైండింగ్ ఉండకూడదు. నెలకోసారి సిబ్బందితో ఖాళీ చేయించే కసరత్తు చేసి, పట్టిన నిమిషాలు రాసిపెట్టండి.

ఏ అనుమతులు కావాలి?

మామూలుగా భవన అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ ఆమోదం, స్ట్రక్చరల్ ఇంజినీర్ సర్టిఫికెట్, పోలీసు అనుమతి, పాటలకు లైసెన్సు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ దరిదాపుల్లో అయితే అటవీశాఖను అందరికంటే ముందు అడగండి, రాత్రి లైట్లు, చప్పుడు మీద పట్టింపులుంటాయి. రైడ్లకు మన ప్రమాణం ఐఎస్ 15475. విదేశీ రైడ్లు ఐఎస్‌ఓ 17842, యూరోపు ఈఎన్ 13814, అమెరికా ఏఎస్‌టీఎం ఎఫ్2291లో ఏదో ఒకదాని ప్రకారం తయారై ఉండాలి. ఏదీ లేకపోతే కొనకండి.

గాలిదుమారం వస్తే?

ఏప్రిల్, మే సాయంత్రాల్లో పది నిమిషాల్లో ముంచుకొస్తుంది. ఎత్తయిన చోట గాలి మీటరు పెట్టి, రైడ్ పుస్తకంలో రాసిన వేగం చేరకముందే ఆపండి. కొత్తగా కట్టిన ఫైబర్ కోట గోడ తెరచాపలా గాలి పడుతుంది. దాని పునాది గాలి ఒత్తిడికి మన ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం లెక్క వేయించండి. హైదరాబాద్‌కు అందులో గాలి వేగం సెకనుకు 44 మీటర్లు ఇచ్చారు. నల్లరేగడి నేలైతే వానకు ఉబ్బి, ఎండకు పగిలి స్తంభం వంగుతుంది, మట్టి పరీక్ష చేయించకుండా తవ్వొద్దు.

సినిమా పాటలు స్పీకర్లలో పెట్టొచ్చా?

నిర్మాత ఒప్పుకుంటే సరిపోదు. ఆడియో కంపెనీ, సాహిత్య సంగీతాల సంఘం, రెండు చోట్లా అడగాలి. సొంత సంగీతం చేయించుకుంటే ఒకేసారి ఖర్చు, లైసెన్సు తీరినా మీతోనే ఉంటుంది.

ఎప్పుడు తెరవాలి?

దసరా సెలవులకు. ఎండకాలం సెలవులకు తెరిస్తే పరీక్షలన్నీ మార్చి, ఏప్రిల్ ఎండలో జరుగుతాయి, తొలి లోపాలు పెద్ద రద్దీలో బయటపడతాయి. దసరాకు తెరిస్తే నవంబరు నుంచి జనవరి దాకా బడి బస్సులు వస్తాయి, మే నాటికి సిబ్బందికి చేయి తిరుగుతుంది. కురుమూర్తి జాతర, చెర్వుగట్టు జాతర రోజుల్లో రోడ్లన్నీ అటే పోతాయి. ఆ వారంలో ప్రారంభం పెట్టుకోకండి.

ఇంత పెద్ద పని ఇప్పుడే కాదు, ఒక ఫోటో పాయింట్‌తో మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. దానికీ లైసెన్సు కావాలి, కాకపోతే చిన్నది. సింహాసనమో, బండో, పిల్లలు ఎక్కి కూర్చునే వస్తువు ఎంచుకోండి, పక్కన నిలబడే బొమ్మ వద్దు. నలుగురి కుటుంబం ఫ్రేములో పట్టాలంటే వెనక గోడ 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉండాలి. ఫోటో తీసేవాడికి ముందు 4 మీటర్ల ఖాళీ, నేల మీద అతను నిలబడే చోట గుర్తు. గోడను ఉత్తరం వైపు తిప్పితే ఏడాదిలో ఎక్కువ నెలలు మొహాల మీద నేరుగా ఎండ పడదు. మెట్టు 15 సెం.మీ. దాటొద్దు, ముసలివాళ్లు కూడా ఎక్కుతారు. సింహాసనం చేతులు ఏడాదికి రెండుసార్లు రంగు అడుగుతాయి, ఆ రంగు కోడ్ నంబరు గోడ వెనకే రాసిపెట్టుకోండి.